ఎండ తగలని ఇంజినీరు ఉద్యోగం కావాలంటే

నరసన్నపేట దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక తండ్రి మూడు పేజీల ఉత్తరం రాశారు. ఆయన ఇరవై ఆరేళ్లుగా హైదరాబాద్‌లో తాపీ మేస్త్రిగా పనిచేస్తున్నారు. కుమారుడు విజయనగరంలోని ఒక కళాశాలలో ఈ ఏడాది బీటెక్ సివిల్ పూర్తిచేశాడు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో అర్హత వచ్చింది కాని స్కోరు అంతంత మాత్రమే. "కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎంటెక్ చేయించాలా, నిర్మాణ రంగ చదువుల సంస్థ నిక్‌మార్‌కు పంపాలా, లేక విశాఖపట్నంలోని కన్సల్టెన్సీ వారు చెప్పినట్టు ఎకరం పల్లం అమ్మి అమెరికాలో ఎంఎస్ చేయించాలా? ఏది చేసినా మా గుంటడు నాలాగ ఎండలో నిలబడకూడదు" అన్నది ఆయన ప్రశ్న.

అయ్యా, మూడు దారులనూ పోల్చి చెబుతాను. అయితే ముందుగా మీ చివరి వాక్యం సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అసలు ప్రశ్న అక్కడే ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లి ఊరుకాని ఊళ్లో మేడలు కట్టిన ఎందరో తండ్రులు నాతో ఇదే మాట అన్నారు. "మేనేజ్‌మెంట్" అన్న మాట వినగానే వారికి ఏసీ గది కనిపిస్తుంది. ఆ గది ఉన్నమాట నిజమే, కాని దాని తలుపు సైటు వైపే ఉంది.

ఈ కోర్సులో చెప్పేది పనుల షెడ్యూలు, అంచనాలు, కాంట్రాక్టు చట్టం, నాణ్యత, భద్రత, యంత్రాల వినియోగం. అన్నీ అవసరమైనవే, కాని అన్నీ సైటును చూసినవాడికే అర్థమయ్యేవి. ఎంటెక్ పూర్తిచేసిన ఒక విద్యార్థి ఒకసారి తన ప్రాజెక్టు షెడ్యూలును నాకు చూపించాడు. ప్రైమవేరా అనే షెడ్యూలు సాఫ్ట్‌వేర్‌లో రంగు రంగుల పట్టీలతో చూడముచ్చటగా ఉంది. ఐదు మీటర్ల స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబును కింద నుంచి మోసే జాకీలను ఎనిమిదో రోజున తీసి పై అంతస్తుకు వాడినట్టు అందులో వేశాడు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబుకే 7 రోజులు. అది దాటితే 14 రోజులు జాకీలు ఉంచాలి. ఆ ఒక్క ఎనిమిదో రోజు మీద పైనున్న ఆరు అంతస్తుల తేదీలూ ఆధారపడి ఉన్నాయి. మీరైతే ఆ కాగితం చూడగానే "అప్పుడే సెంట్రింగ్ ఎలా విప్పుతారు బాబూ?" అని అడిగేవారు. ఆ ప్రశ్న అడగగలగడమే ప్లానింగ్ ఇంజినీరు ఉద్యోగంలో సగం.

కాంట్రాక్టుల విభాగమూ అంతే. వాన వల్ల పని ఎన్ని రోజులు ఆగింది, డ్రాయింగు ఏ తేదీన చేతికి అందింది అన్నది హిండ్రెన్స్ రిజిస్టరులో ఆ రోజే రాసి సంతకం చేయించకపోతే, రెండేళ్ల తరువాత గడువు పొడిగింపు కోసం ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి విచారణ)లో ఎంత గొప్ప న్యాయవాది వాదించినా చూపించడానికి కాగితం ఉండదు. ఏసీ గదిలో కూర్చునే క్లెయిమ్స్ ఇంజినీరు, ఒకప్పుడు బురదలో నిలబడి ఆ రిజిస్టరు రాసినవాడే అయితే బాగా రాణిస్తాడు.

ఇక పోలిక. ఐఐటీ మద్రాస్, ఢిల్లీ, బొంబాయిలలో ఈ శాఖలో ఎంటెక్ ఉంది. గేట్ ద్వారా చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది కనుక ఇంటిపై భారం తక్కువ. మీ అబ్బాయి స్కోరుకు అక్కడ సీటు కష్టం, కొన్ని ఎన్‌ఐటీలకు మాత్రం ప్రయత్నించవచ్చు. నిక్‌మార్ 1983లో నిర్మాణ పరిశ్రమ చొరవతో మొదలైన సంస్థ. పుణెలోనూ హైదరాబాద్‌లోనూ ఉంది. దాని చదువు కంపెనీల అవసరాలకు దగ్గరగా ఉంటుంది, ఫీజు మాత్రం ఐఐటీ ఫీజుకంటే చాలా ఎక్కువ. (ఇంకా చివరి సంవత్సరంలో ఉన్న సివిల్ విద్యార్థులు ఎల్ అండ్ టీ వారి బిల్డ్ ఇండియా స్కాలర్‌షిప్ గురించి ఇప్పుడే తెలుసుకోవాలి, ఎంపికైతే ఐఐటీ, ఎన్‌ఐటీలలో ఈ చదువు ఖర్చును కంపెనీయే భరిస్తుంది. మీ అబ్బాయికి ఆ సమయం దాటిపోయింది.)

అమెరికా సంగతి ఇంత తేలికగా చెప్పలేను. ఈ మధ్య మన ఊళ్లలో అది చదువుకంటే పరువు వ్యవహారంగా మారింది. కన్సల్టెన్సీ వారు మీకు చెప్పని ఒక అంకె చెబుతాను. అక్కడ చదువు ముగిశాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పనిచేయవచ్చు. ఆపై మరో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సులకే దొరుకుతుంది. కన్‌స్ట్రక్షన్ ఇంజినీరింగ్‌కు అక్కడి ప్రభుత్వ కోర్సుల వర్గీకరణలో కోడు 14.3301, అది స్టెమ్ జాబితాలో ఉంది. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ పేరుతో 52.2001 కోడు కింద నడిచే కోర్సులు బిజినెస్ విభాగంలోకి వస్తాయి, స్టెమ్ జాబితాలోకి కాదు. పేర్లు కవలల్లా ఉన్నా ఒకదానితో మూడేళ్లు, మరొకదానితో ఒక్క ఏడాదే ఉండే ప్రమాదం ఉంది. ఎకరం పల్లం అమ్మిన డబ్బు, ఆపై చేసే అప్పు ఒక్క ఏడాది జీతంతో తీరవు. ఆ తరువాత హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ ఉండనే ఉంది. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ఈ కోడు ముద్రించి ఉంటుంది. చాలా కన్సల్టెన్సీలకు విద్యార్థిని చేర్పించినందుకు విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ వస్తుంది కనుక, ఆ కోడును వారిని అడగకుండా మీరే చూసుకోవాలి. మరొక మాట: అక్కడి ప్రాజెక్టు ఇంజినీరు కూడా హెల్మెట్ పెట్టుకుని సైటులోనే తిరుగుతాడు. ఎండ తప్పించడానికి పంపితే, షికాగోలో జనవరి చలి ఎదురవుతుంది.

కొంచెం కఠినంగా మాట్లాడుతున్నందుకు మన్నించండి. మీరు మూడు పేజీలు రాశారు. వాటిలో భూమి ధర ఉంది, వియ్యాలవారి అభిప్రాయం ఉంది, పక్క వీధి అబ్బాయి సాఫ్ట్‌వేర్ జీతం ఉంది. మీ అబ్బాయికి సివిల్‌లో ఏ పాఠం నచ్చిందో ఒక్క వాక్యమైనా లేదు. ఇరవై ఆరేళ్లు మీ చేతులతో చేసిన పనిని అవమానంగా భావించి, ఆ పని నీడ కూడా కొడుకు మీద పడకూడదనుకుంటున్నారు. 16 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు సుమారు 1.58 కిలోలు తూగుతుందని పిల్లలు వ్యాసం వర్గాన్ని 162తో భాగించి తెలుసుకుంటారు. మీరు పన్నెండు మీటర్ల కడ్డీని భుజానికెత్తి తెలుసుకున్నారు. ఆ తెలివిని పంచకుండా దాచిపెట్టి, దాన్నే ఇంకెవరి దగ్గరో నేర్చుకోవడానికి లక్షలు చెల్లించబోతున్నారు.

భయపడవలసింది ఏమీ లేదు. ఇంజినీరుగా సైటులో నిలబడటం, కూలికి నిలబడటం ఒకటి కావు. రెండేళ్లు సైటు ఇంజినీరుగానో బిల్లింగ్ విభాగంలోనో పనిచేస్తే మీ అబ్బాయి వెనకబడిపోడు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కనుక ఈ స్కోరు వృథా కాదు, మళ్లీ రాసి పెంచుకునే అవకాశమూ ఉంది. పెద్ద పనులు చూడటానికి హైదరాబాదే వెళ్లనక్కరలేదు: 2023లో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు మీ ఊరికి బస్సు ప్రయాణమంత దూరంలోనే ఉన్నాయి. మొదటి జీతం చిన్నదిగానే ఉండవచ్చు. అనుభవంతో ఎంటెక్‌కు వెళ్లినవాడికి తరగతిలో ప్రతి పాఠానికీ ఒక సైటు గుర్తుకు వస్తుంది. ప్లానింగ్, కాంట్రాక్టుల ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేసేవారు వెతికేదీ అటువంటివాడినే. అప్పటికీ అమెరికా వెళ్లాలని అతనికే ఉంటే, అప్పుడు ఆలోచిద్దాం.

ప్రస్తుతానికి రెండు కాగితాలు పంపించండి. ఒకటి, కన్సల్టెన్సీ వారు చూపించిన కోర్సు పూర్తి పేరు, దాని కోడు. రెండవది, మీ అబ్బాయి తన చేతితో రాసిన ఒక పేజీ. మీరు దాన్ని చదవకుండానే కవరులో పెట్టాలి. అవి నాకు అందేవరకు భూమికి బయానా మాత్రం తీసుకోవద్దు.