డాక్టర్ సలహా: మోచేయి విరిగిన బాబుకు బొటనవేలు వంగడం లేదు.. కట్టు విప్పించాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబుకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. పది రోజుల కిందట అపార్ట్‌మెంట్ ఆవరణలో ఉయ్యాల మీద నుంచి పడి కుడి మోచేయి విరిగింది. ఆ రాత్రే మత్తు ఇచ్చి, కోత లేకుండా ఎముకను సరిచేసి, రెండు తీగలు వేసి పిండికట్టు కట్టారు. బొటనవేలు, చూపుడువేలు కొసలను వంచలేకపోతున్నాడు. ఆపరేషన్‌కు ముందు నుంచే అలా ఉందని, నరం నలిగిందని, కొన్ని నెలల్లో కోలుకుంటుందని డాక్టర్ చెప్పారు. మా అత్తయ్య మాత్రం ఈ కట్టు విప్పించి పసరు కట్టు కట్టిద్దామంటున్నారు. పప్పు, వంకాయ పెట్టనివ్వడం లేదు. బాబు దురదగా ఉందంటున్నాడు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడు. చేయి వంకరగా ఉండిపోతుందా? ఎదుగుదల ఆగిపోతుందా? వాడు పడినప్పుడు నేను ఫోన్‌లో మాట్లాడుతున్నాను. అది తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కట్టు విప్పించవద్దు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే బాబుకు జరిగిన చికిత్స సరైనదే, నరం గురించి మీ డాక్టర్ చెప్పిన మాటా సరైనదే. అయితే బాబు చేతిని పరీక్షించినవారు, ఎక్స్‌రేలు చూసినవారు ఆయన కాబట్టి, నేను రాసినదానిలో ఏదైనా ఆయన సూచనకు భిన్నంగా కనిపిస్తే ఆయన చెప్పినట్టే చేయండి.

భుజం నుంచి మోచేతికి వచ్చే ఎముక మోచేతికి కాస్త పైన విరగడాన్ని సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అంటారు. పిల్లల్లో మోచేతి దగ్గర జరిగే ఫ్రాక్చర్లలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. విరిగిన ఎముక పైముక్క మొన ముందుకు తోసుకు వచ్చినప్పుడు, సరిగ్గా అక్కడే ఉండే నరాలు, చేతికి రక్తాన్ని అందించే ధమని సాగిపోవడమో నలగడమో జరుగుతుంది. మీ వర్ణనను బట్టి దెబ్బతిన్నది చేతి ముందు భాగంలో లోతుగా సాగే ఒక నరపు శాఖ అయి ఉండాలి. ఈ రకం ఫ్రాక్చర్‌లో ఎక్కువగా దెబ్బతినేది అదే. బొటనవేలు, చూపుడువేలు కొసలను వంచడం దాని పని. చర్మానికి స్పర్శను ఇచ్చే పని దానికి లేదు కనుక బాబుకు వేళ్ల మీద స్పర్శ మామూలుగానే తెలుస్తుంది. ఆ రెండు వేళ్ల కొసలను కలిపి గుండ్రంగా సున్నా చుట్టమని అడిగి చూడండి. నరం పనిచేస్తుంటే సున్నా గుండ్రంగా వస్తుంది, లేకపోతే వేళ్ల కొసలు వంగక, రెండూ చదునుగా ఒకదానికొకటి ఆనుకుంటాయి.

ఈ బలహీనత ఆపరేషన్‌కు ముందే ఉందని డాక్టర్ గమనించి మీకు చెప్పడం చాలా ముఖ్యమైన విషయం. అంటే అది తీగల వల్ల వచ్చింది కాదు, పడినప్పుడు ఎముక మొన తగిలి వచ్చింది. ఇలా నలిగిన నరాల్లో అత్యధిక భాగం ఏ మందూ లేకుండానే మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకుంటాయి. అప్పటివరకు మీరు చేయాల్సింది ఒక్కటే. రోజుకు నాలుగైదు సార్లు మీ చేత్తో ఆ రెండు వేళ్ల కీళ్లను మెల్లగా వంచి, చాపుతూ ఉండండి. నరం మేలుకునే నాటికి కీళ్లు బిగుసుకుపోకుండా ఉండాలి. మిగిలిన వేళ్లను బాబు తనంతట తానే కదిలించేలా బొమ్మలు, బంకమట్టి వంటివి చేతికివ్వండి.

ఇక పసరు కట్టు. మీ అత్తయ్య గారు మనవడి మీద ప్రేమతోనే ఈ మాట అంటున్నారు, అందులో సందేహం లేదు. వారి కాలంలో ఊళ్లో ఎముకల డాక్టర్ లేనప్పుడు అదొక్కటే దిక్కు, చిన్నాచితకా ఫ్రాక్చర్లు ఏ కట్టు కట్టినా అతుక్కుంటాయి కాబట్టి ఆ నమ్మకం బలపడింది. కానీ బాబు పరిస్థితి వేరని వారికి నిదానంగా చెప్పండి. పిల్లలకు వేసే ఈ తీగల చివరలు సాధారణంగా చర్మం బయటే ఉంటాయి, తరువాత తేలికగా తీయడానికి అలా వదులుతారు. అవి లోపలికి వెళ్లే రంధ్రాల మీద ఆకుల పసరు, నూనె, గుడ్డు సొన వంటివి పడితే ఆ తీగ వెంటే సూక్ష్మక్రిములు నేరుగా ఎముకలోకి చేరుతాయి. ఎముకకు పట్టిన చీము వదిలించడం, విరిగిన ఎముకను అతికించడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం బిగుతు. వాచిన మోచేతి మీద వెదురు బద్దలు పెట్టి గట్టిగా బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి ముంజేతి కండరాలకు రక్తం అందదు. కొన్ని గంటలు అలా ఉంటే కండరం చచ్చిపోయి, తరువాత వేళ్లు గద్ద గోళ్లలా ముడుచుకుపోతాయి. బిగుతైన కట్ల తరువాత వచ్చే ఈ వైకల్యాన్ని జర్మనీ సర్జన్ రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ 1881లోనే వివరించారు, నేటికీ అది ఆయన పేరుతోనే పిలవబడుతోంది. ఒకసారి వచ్చాక ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆ చేయి పూర్వపు చేయి కాదు.

న్యాయంగా చెప్పాలంటే ఈ ప్రమాదం నాటు కట్టుకే పరిమితం కాదు, ఆస్పత్రిలో వేసిన పిండికట్టు కింద కూడా వాపు పెరిగి ఇలా జరగవచ్చు. మొదటి రెండు రోజులు మరీ జాగ్రత్తగా ఉండమనేది అందుకే. మీరు ఆ గడువు దాటారు. అయినా ఇదే స్థితిలో ఉన్న ఇతర తల్లిదండ్రుల కోసమూ రాస్తున్నాను. చిన్నపిల్లలు "నొప్పి పెరుగుతోంది" అని పెద్దవాళ్లలా చెప్పలేరు. ఎత్తుకున్నా ఊరుకోకుండా చిరాకుపడతారు, భయపడతారు, మందు వేసిన గంటకే మళ్లీ మందు కావాలన్నట్టు ఏడుస్తారు. వేళ్లను మీరు మెల్లగా చాపితే కెవ్వుమంటారు. ఇవి కనిపిస్తే వేళ్లు పాలిపోయేదాకా, చల్లబడేదాకా ఎదురుచూడవద్దు, ఎందుకంటే అవి ఆలస్యంగా కనిపించే గుర్తులు. అర్ధరాత్రి అయినా సరే, ఆపరేషన్ చేసిన ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లి కట్టును వదులు చేయించాలి. మణికట్టు దగ్గర నాడి తగిలింది కదా అని ఎవరైనా ధైర్యం చెప్పినా ఆగకూడదు, లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగినప్పుడు కూడా నాడి తగులుతూనే ఉండవచ్చు.

మీ బాబు విషయంలో ఇప్పటి నుంచి గమనించాల్సినవి కొంచెం వేరు. ఇప్పటిదాకా బాగా కదిలిన వేళ్లు కొత్తగా కదలకపోవడం, కట్టులోంచి దుర్వాసన రావడం, పిండికట్టు మీద తడి మరక పెరగడం, జ్వరం రావడం, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ముఖ్యంగా చేతిలో తీగలున్నంత కాలం జ్వరాన్ని సిరప్‌తో తగ్గించి ఊరుకోకూడదు.

రాత్రిళ్ల ఏడుపు గురించి. పది రోజులు గడిచాక మామూలుగా నొప్పి బాగా తగ్గిపోవాలి. పగలంతా ఆడుతూ, రాత్రి మాత్రమే ఉలిక్కిపడి లేచి, దగ్గరకు తీసుకోగానే ఊరుకుంటుంటే అది నొప్పి కాదు, భయం. ఒక్కసారిగా పడిపోవడం, చేయి వంకరగా కనిపించడం, అమ్మ లేని గదిలో ముఖానికి మాస్క్ పెట్టడం, ఇవన్నీ ఆరేళ్ల మనసులో తిరుగుతూ ఉంటాయి. "అదేం లేదు, పడుకో" అని మాట మార్చకండి. ఏం జరిగిందో వాడి మాటల్లో చెప్పనివ్వండి, ఎన్నిసార్లు చెప్పినా వినండి. ఏదైనా బొమ్మకు వాడి చేతనే కట్టు కట్టించండి. కొన్ని వారాలు మీ పక్కనే పడుకోబెట్టుకోండి, కట్టు కింద దిండు పెట్టండి. నిజంగా నొప్పి అనిపించిన రాత్రి పారాసెటమాల్ చాలు. మోతాదు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. 18 కిలోల బాబుకు, 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు, కనీసం ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వవచ్చు. అంతకన్నా తక్కువ గాఢత సిరప్‌లు కూడా దుకాణాల్లో ఉంటాయి కనుక సీసా మీద అంకె చూసే పోయండి.

దురద పుడితే స్కేలు, పెన్సిల్, అల్లిక సూది వంటివేవీ కట్టులోకి దూర్చవద్దు. లోపల గీరుకున్న చర్మం పుండవుతుంది, అది బయటకు కనిపించదు. పౌడర్, కొబ్బరినూనె కూడా వద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో చల్లగాలి మాత్రమే పట్టండి, లేదా కట్టు మీద వేళ్లతో తట్టండి. స్నానం చేయించేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవర్ తొడిగి పైన టేప్ వేయండి, చేయిని నీళ్లకు దూరంగా పట్టుకోండి. పిండికట్టు నాని మెత్తబడితే ఎముకను పట్టి ఉంచలేదు, మార్పించాల్సిందే.

పథ్యం అవసరం లేదు. పప్పు తింటే చీము పడుతుందనడం నిజం కాదు. ఎముక అతుక్కునే రోజుల్లో మాంసకృత్తులు బాగా అందాలి, శాకాహార ఇళ్లలో అవి ముఖ్యంగా వచ్చేదే పప్పు నుంచి. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, రాగిజావ, ఆకుకూరలు, బాబు ఇష్టంగా తినేవన్నీ పెట్టండి. వంకాయ తిన్నా ఫర్వాలేదు. నల్లి ఎముకల సూప్ కావాలంటే ఇవ్వండి, అది తాగకపోతే ఎముక అతుకదేమో అన్న బెంగ అక్కర్లేదు.

మీరు ఫోన్‌లో మాట్లాడుతున్న విషయం గురించి ఒక మాట. పడేటప్పుడు చేయి ముందుకు చాచి నేలను ఆపడం మన శరీరానికి పుట్టుకతో వచ్చిన గుణం, తలకు దెబ్బ తగలకుండా కాపాడేది అదే. అయిదు నుంచి ఏడేళ్ల వయసులో కీళ్లు వదులుగా ఉండి మోచేయి వెనక్కి ఎక్కువగా వంగుతుంది. ఆ బరువంతా మోచేతి పైన ఎముక అత్యంత పలచగా ఉండే చోట పడుతుంది. అక్కడ రెండు గుంటల మధ్య ఎముక, వెలుతురుకు ఎదురుగా పెడితే అవతలి కాంతి కనిపించేంత పలచన. ఆ వయసు పిల్లల్లోనే ఈ ఫ్రాక్చర్ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇది. మీరు ఉయ్యాల పక్కనే నిలబడి ఉన్నా ఆ పడిపోవడం రెప్పపాటులో జరిగిపోతుంది. పడిన తరువాత మీరు చేసినది మాత్రం మీ చేతిలో ఉన్నది. ఆలస్యం చేయకుండా, నూనె రాయకుండా, లాగకుండా అదే రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈ ఫ్రాక్చర్‌లో ఫలితాన్ని నిర్ణయించే పని అదే.

చేయి వంకర పోవడం, ఎదగకపోవడం అనే రెండు భయాలను వేరువేరుగా చూడాలి. ఈ ఫ్రాక్చర్, ఎముక చివర ఉండి దాని పొడవును పెంచే ఎదుగుదల పొరకు పైన జరుగుతుంది, పైగా భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక పొడవులో దాదాపు 80 శాతం భుజం వైపు నుంచే పెరుగుతుంది. కాబట్టి చేయి పొట్టిదైపోతుందని భయపడనక్కర్లేదు. వంకర వస్తే అది ఎముక పక్కకు ఒరిగి అతుక్కోవడం వల్ల వస్తుంది. తీగలు వేసేది ఆ ఒరుగుదలను ఆపడానికే. మొదటి వారం పది రోజుల్లో మరోసారి ఎక్స్‌రే తీసి, ఎముక కదలలేదని చూసుకోవడం ఆనవాయితీ. మీకు ఇంకా తీయకపోతే ఈ వారమే అడగండి.

తీగలను సాధారణంగా మూడు నాలుగు వారాలకు, ఎక్స్‌రేలో కొత్త ఎముక కనిపించాక, ఓపీలోనే తీసేస్తారు. చాలామంది పిల్లలకు మత్తు అవసరం పడదు. పిండికట్టు కోసే యంత్రం పెద్దగా చప్పుడు చేస్తుంది కానీ దాని బ్లేడు గిర్రున తిరగదు, అదురుతుంది, అందుకే చర్మాన్ని కోయదు. ఆ చప్పుడు గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి. తీగ లాగేటప్పుడు ఒక్క క్షణం చురుక్కుమంటుందని కూడా చెప్పండి. "ఏమీ చేయరు" అని అబద్ధమాడి తీసుకెళితే తరువాత మీ మాట నమ్మడు. గంట ముందు ఒక మోతాదు పారాసెటమాల్ ఇవ్వవచ్చు.

కట్టు విప్పిన రోజు మీకు గాబరా కలగవచ్చు. చేయి సన్నబడి, చర్మం పొరలుగా లేచి, వెంట్రుకలు నల్లగా పెరిగి, మోచేయి సగం వంగి ఆగిపోయి ఉంటుంది. మన దగ్గర అసలు నష్టం ఇక్కడే జరగడం నేను ఎక్కువగా చూస్తాను. చేయి చాపడం లేదని వేడి నూనెతో మర్దన చేయిస్తారు, బలవంతంగా లాగుతారు, ఇసుక నింపిన బకెట్ పట్టిస్తారు. దయచేసి వీటిలో ఏదీ చేయవద్దు, ఎవరినీ చేయనివ్వవద్దు. బలవంతం చేసిన ప్రతిసారీ కీలు చుట్టూ కండరంలో సన్నగా రక్తం చిమ్మి, అక్కడ లేని ఎముక పేరుకుపోయి మోచేయి శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో చేయి ఆడించనివ్వండి, బొమ్మలు గీయనివ్వండి, అన్నం కుడిచేత్తో తిననివ్వండి. ఆడుకునే పిల్లవాడికి ఇవే వ్యాయామాలు. మొదటి ఆరు వారాల్లో కదలిక చాలావరకు వస్తుంది, చివరి కొద్దిపాటి వంపు వదలడానికి కొందరికి ఏడాది దాకా పట్టవచ్చు. ఫిజియోథెరపీ చాలామందికి అవసరం రాదు. బడికి ఇప్పుడే పంపవచ్చు, రాయమని ఒత్తిడి పెట్టవద్దని, తోపులాటకు దూరంగా కూర్చోబెట్టమని టీచర్‌తో చెప్పండి. పరుగులు, సైకిల్, ఎక్కి దూకే ఆటలు మాత్రం తీగలు తీసిన మరో నాలుగు వారాల దాకా ఆపండి.

నరం విషయంలో తేదీలు రాసి పెట్టుకోండి. తీగలు తీసిన రోజున, ఆ తరువాత నెలనెలా బాబు చేత సున్నా చుట్టించి డాక్టర్‌కు చూపించండి. పడిన మూడు నెలలకు కూడా బొటనవేలి కొస ఏమాత్రం కదలకపోతే నరాల ప్రసరణ పరీక్ష చేయించాలి, అవసరాన్ని బట్టి చేతి నరాల శస్త్రచికిత్సలో అనుభవమున్న నిపుణుడికి చూపించాలి. వరంగల్‌లో ఆ సదుపాయం దొరకకపోతే హైదరాబాద్‌కు రాసివ్వమని మీ డాక్టర్‌నే అడగండి. వెళ్లేటప్పుడు ఆపరేషన్ ముందు, తరువాత తీసిన ఎక్స్‌రేలన్నీ, డిశ్చార్జి కాగితంతో సహా తీసుకెళ్లండి.