రవ్వ ముద్ద, నాగావళి రాళ్ళు, జాన్ కేజ్

మీ ప్రశ్న ఇది: ఏమీ వాయించకుండా పియానో ముందు నాలుగున్నర నిమిషాలు కూర్చుంటే అది సంగీతం ఎలా అవుతుంది? అది రాసిన అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ వేసిన బొమ్మలకీ దానికీ ఏమిటి సంబంధం? చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇదంతా ఎలా అర్థమవుతుంది?

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. భజనల్లో మృదంగం వాయిస్తాను, ఆదివారాలు పిల్లలకి డ్రాయింగ్ చెప్తాను. నేను ఆయనకి ఏ దారిలో దగ్గరయ్యానో అదే చెప్తాను.

మీరడిగిన ఆ నిశ్శబ్దం ముక్క, 'నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లు', దాని దగ్గర మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెట్టి, చిరాకు పడి అక్కడే ఆగిపోతారు. ముందు 'సొనాటాస్ అండ్ ఇంటర్‌ల్యూడ్స్' వినండి. 1946-48 మధ్య రాసిన 20 చిన్న ముక్కలు. మొదటిసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నప్పుడు అది పియానో అంటే నేను నమ్మలేదు. ఒకచోట ఘటంలా, ఒకచోట గజ్జెల్లా, ఇంకోచోట చెక్కపెట్టె మీద వేలితో కొట్టినట్టు ఉంది. తీరా చూస్తే ఒకే మనిషి, ఒకే పియానో. తీగల మధ్య స్క్రూలు, బోల్టులు, రబ్బరు ముక్కలు బిగించారు.

ఆ ఆలోచన 1940లో సియాటిల్‌లో పుట్టింది. ఒక నృత్యానికి తాళవాద్యాల సంగీతం కావాలి. వేదిక దగ్గర అన్ని వాద్యాలకి చోటు లేదు, ఉన్నది ఒక్క పియానో. తీగల మీద పళ్ళెం పెడితే ఎగిరిపడింది. మేకు పెడితే జారిపోయింది. స్క్రూ మాత్రం రెండు తీగల మధ్య పట్టుకుని నిలిచింది.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. భజనకి కూర్చునే ముందు ఆయన ఉప్మా రవ్వ తడిపి, ముద్ద చేసి, మృదంగం ఎడమ మూతి మధ్యలో బొటనవేలితో అద్దేవారు. ఒక దెబ్బ కొట్టి వినేవారు. గోటితో కాస్త తీసేసి మళ్ళీ కొట్టేవారు. ముద్ద ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది, ఎండిపోతే తేలిపోతుంది. కేజ్ కూడా అంతే జాగ్రత్తపరుడు. ఆ సొనాటాలకి 45 స్వరాల తీగల్లో ఏ వస్తువు ఎంత దూరంలో పెట్టాలో కొలతలు రాసిపెట్టారు. పియానో సిద్ధం చేయడానికే గంటలు పడుతుంది.

1946లో గీతా సారాభాయ్ న్యూయార్క్ వెళ్ళి ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, ఆయనకి మన సంగీతం చెప్పారు. ఆవిడ మృదంగం లాంటి ఉత్తరాది వాద్యం పఖావజ్ వాయించేవారు. దానికి ఎడమ వైపు గోధుమపిండి ముద్ద పెడతారు. సంగీతం దేనికి అని ఆయన అడిగితే, మనసుని శాంతపరచి దైవత్వానికి తెరిచి ఉంచడానికి అని తన గురువు చెప్పిన మాట చెప్పారు. ఆ సొనాటాల వెనక మన నవరసాల ఆలోచన ఉంది. అవన్నీ చివరికి శాంతం వైపే నడుస్తాయని ఆయన పట్టుకున్నారు.

నిశ్శబ్దం ముక్క 1952 ఆగస్టు 29న అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో మొదటిసారి పియానిస్టు డేవిడ్ ట్యూడర్ చేతుల మీదుగా ప్రదర్శనకి వచ్చింది. చెట్లలో గాలి, కప్పు మీద చినుకులు, లేచి వెళ్ళిపోయే జనం మాటలు అన్నీ వినిపించాయి. దానికి ధైర్యం ఇచ్చింది ఒక చిత్రకారుడే. రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1951లో ఏమీ గీయని తెల్లటి కాన్వాసులు చేశారు. మీరడిగిన సంబంధం అక్కడే ఉంది.

కేజ్ కుర్రతనంలో బొమ్మలు వేసి, సంగీతం కోసం మానేశారు. మళ్ళీ గట్టిగా పట్టుకున్నది 1978లో, 65 ఏళ్ళకి, కాలిఫోర్నియాలో అచ్చుబొమ్మలు చేసే క్రౌన్ పాయింట్ ప్రెస్‌లో. 1983 నుంచి జపాన్‌లో క్యోటోలోని ర్యోవాన్‌జీ రాళ్ళ తోట పేరుతో ఒక వరస మొదలుపెట్టారు. ఆ తోటలో 15 రాళ్ళు. ఈయన కూడా 15 రాళ్ళు తీసుకుని, కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీశారు. రాయి ఎక్కడ పెట్టాలి, ఏ పెన్సిల్ వాడాలి అన్నది తన ఇష్టం కాదు, ఈ-చింగ్ అనే పాత చైనా పద్ధతిలో అంకె ఏది వస్తే అది.

మేం ఇది నాగావళి ఒడ్డున చేశాం. అంకెలకి అష్టాచెమ్మా గవ్వలు నాలుగు. ఐదు రాళ్ళు, ఐదు పెన్సిళ్ళు, నిలువుగా ఐదు భాగాలు చేసిన కాగితం. మొదటి పందెం రాయికి, రెండోది చోటుకి, మూడోది పెన్సిల్‌కి. ఏటి రాయి అడుగున గుండ్రంగా లోపలికి పోతుంది కాబట్టి పెన్సిల్ నిటారుగా పట్టుకుంటే గీత రాయికంటే వెడల్పు వస్తుంది, వంచితే లోపలికి దూరి వణుకుతుంది. తడి ఆరని రాయి కాగితం మీద మచ్చ వదులుతుంది.

మొదటి ఆదివారం నేను తప్పు చేశాను. ఒక పాప కాగితంలో రెండో భాగం అప్పటికే గీతలతో నిండిపోయింది. మళ్ళీ రెండే పడింది, పైగా పెద్ద రాయి, నల్లటి సిక్స్ బీ పెన్సిల్. "మాస్టారూ, ఇంకోసారి వేస్తా" అంది. సరే అన్నాను. అంతే, అందరూ ఇంకోసారి, ఇంకోసారి అన్నారు. అరగంటలో అన్నీ చూడ్డానికి బాగుండే మామూలు బొమ్మలైపోయాయి. ఆయన అంకెల్ని పట్టుకున్నది తన ఇష్టాయిష్టాల నుంచి బయటపడడానికని చాలాసార్లు చదివాను. ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

తర్వాతి వారం పడింది పడినట్టే ఉంచాం. గవ్వల్లో రెండు ఎక్కువ పడుతుంది, ఐదో భాగానికి లెక్కపెట్టుకున్న అష్టా ఎప్పుడో గానీ పడదు. అందుకని పాప కాగితంలో రెండో భాగం నల్లగా కమ్ముకుపోయింది, ఐదో భాగంలో ఒక్క గీతా లేదు. కేజ్ ఆ రాళ్ళ గీతల్నే సంగీతంగా కూడా రాశారు. మేమూ పాడాం. గీత ఎక్కితే గొంతు ఎక్కాలి, దిగితే దిగాలి. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట ముగ్గురు నలుగురు కలిసి పాడారు, నేను మృదంగం మీద విడివిడిగా దెబ్బలు వేశాను. ఐదో భాగానికి వచ్చేసరికి పాడడానికి ఏమీ లేక పిల్లలందరూ ఆగారు. ఏరు వినిపించింది. పాప వేలు మాత్రం ఖాళీ కాగితం మీద చివరిదాకా నెమ్మదిగా జరుగుతూనే ఉంది.

మీరూ చేసి చూడండి. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు ఒక వైపు అరగదీస్తే చాలు.