28,000 అల్లాయ్‌లా, 3,000 పెయింటా?

ప్రశ్న: మాది రాజోలు. పాలకొల్లులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 38,000. 2018లో కొత్తగా కొన్న చిన్న కారు ఉంది. అల్లాయ్ చక్రాలు నాలుగూ తెల్లగా పొక్కిపోయాయి, అంచులు గీరుకుపోయాయి. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలొస్తారు, ఈలోపు బాగుచేయించాలని ఉంది. కొత్త సెట్టు 28,000 అన్నారు, కార్డు మీద 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తారట. పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడిలో కాల్చేది) అయితే చక్రానికి 3,000. నాకేమో ఇంట్లోనే పెయింట్ వేసుకోవాలని ఉంది. ఇన్సూరెన్సులో ఏమైనా వస్తుందా? అయిదేళ్లకు పైగా క్లెయిమ్ చేయలేదు. చేతిలో 24,000 ఉన్నాయి, అత్యవసరానికి దాచిన 60,000 వేరే. టైర్లు కారుతో వచ్చినవే, పక్కల సన్నని గీతలు పడ్డాయి.

జవాబు: లెక్చరర్ గారూ, మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. చక్రాల రంగు గురించి అడుగుతూ టైర్ల సంగతి మాటవరసకు చెప్పారు. నాకు మాత్రం అదే అసలు ఖర్చుగా కనిపిస్తోంది.

ఇవాళే టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరస చూడండి. చివరి నాలుగు అంకెలు 2218 అని ఉంటే 2018లో 22వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్లు దాటిన టైర్లను ఏటా చూపించుకోమని, పదేళ్లు నిండితే అరగకపోయినా మార్చేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. మీవి ఏడేళ్లు దాటాయి, పైగా గీతలు పడ్డాయి. రోజూ చించినాడ వంతెన మీదుగా హైవే మీద వెళ్లొచ్చే మనిషి ఈ టైర్లతో ఇంకో ఎండాకాలం గడపకూడదు. చిన్న కారు టైరు మంచిది 4,500 నుంచి 5,000 మధ్య దొరుకుతుంది. నాలుగింటికీ ఓ 19,000 అనుకుందాం. మీ 24,000లో ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టేయండి. అలా చూస్తే చక్రాల అందానికి మీ దగ్గర మిగిలింది 5,000. ఆ 60,000 జోలికి మాత్రం వెళ్లొద్దు.

కొత్త సెట్టు మాట మరిచిపోండి. నో కాస్ట్ అన్నా ఖర్చు ఉంటుంది. షాపువాళ్లు వడ్డీని తగ్గింపుగా చూపిస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా. నెలకు 3,111 కట్టాలి. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయారా, మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం వేస్తాయి. ఏడాదికి దాదాపు 40 శాతం. రంగు పోయినంత మాత్రాన చక్రం పాడైనట్టు కాదు.

ఇన్సూరెన్సు సంగతి వివరంగా చెబుతాను, ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. ఉప్పుగాలికి పొక్కిపోవడం, వాడకంలో అరగడం పాలసీలోకి రావు. చక్రాల అంచుల గీతలు ఫలానా రోజు తగిలిన దెబ్బ వల్లే అని క్లెయిమ్ వేసినా, అయిదేళ్లు దాటిన కారుకు మామూలు పాలసీలో లోహపు భాగాల మీద 40 శాతం తరుగుదల కోస్తారు. పైన మీ వాటా 1,000 ఉంటుంది. వీటికంటే పెద్ద నష్టం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోవడం. ఇప్పుడు మీకు 50 శాతం తగ్గింపు ఉంది. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత కారుకు జరిగే నష్టానికి కట్టేది) అసలు 6,000 అనుకోండి, 3,000 కడుతున్నారు. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది పూర్తిగా 6,000 కట్టాలి. ఆ తర్వాత తగ్గింపు 20, 25, 35, 45 శాతం అంటూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. తిరిగి 50కి చేరేలోపు మీరు అదనంగా కట్టేది 7,500. చక్రాల గీతల కోసం ఎవరూ చేయకూడని బేరం ఇది.

ఇక ఇంట్లో పెయింట్. మీ ఆశ సరైనదే, చేయండి. అయితే డబ్బు ముందు టైర్లకు, పని ముందు చక్రాలకు. పాత టైర్లు ఎలాగూ పోయేవే, వాటి మీద రంగు పడినా దిగుల్లేదు. రంగు బాగా ఆరాక కొత్త టైర్లు ఎక్కించుకుంటే సరిపోతుంది. అప్పటిదాకా గాలి సరిచూసుకుంటూ నెమ్మదిగా నడపండి, కాలేజీకి బస్సులో వెళ్లగలిగితే మరీ మంచిది.

రంగుకంటే ముందు ఒక పరీక్ష ఉంది. సబ్బు నీళ్లు చక్రం అంచు చుట్టూ, పుల్లల (స్పోక్స్) మొదళ్ల దగ్గర పోసి చూడండి. టైరు, రిమ్ము కలిసేచోట బుడగలొస్తే అక్కడ తుప్పు పేరుకుందన్నమాట, టైర్లు మార్చేటప్పుడు బ్రష్షుతో శుభ్రం చేయించండి. లోహంలోనే పగులు కనిపిస్తే మాత్రం పుట్టీ పెట్టి కప్పొద్దు, వెల్డింగూ వద్దు. ఆ ఒక్క చక్రం కొత్తది కొనాల్సిందే. అలాంటప్పుడు అత్యవసర నిధిలోంచి తీసినా తప్పు లేదు.

వారానికి ఒక్క చక్రం పెట్టుకోండి. దాని స్థానంలో స్టెప్నీ బిగిస్తే కారు జాకీ మీద రోజులకొద్దీ ఉండదు. మన ఒండ్రు నేల మెత్తన, జాకీ కిందికి దిగిపోతుంది. సిమెంటు గచ్చు మీదే ఎత్తండి. మొదటి చక్రానికి వెనకవైపుది తీసుకోండి. ప్రైమర్ (అడుగు పూత), సిల్వర్, క్లియర్ (పైన వేసే రంగులేని పూత) ఒక్కో స్ప్రే డబ్బా, పుట్టీ, ఉప్పు కాగితాలు, టేపు కలిపి 1,500 లోపు అవుతుంది. అది కుదరకపోతే పోయేది ఆ కాస్తే. మిగతావి పండగ తర్వాత జీతంలోంచి ఒక్కొక్కటిగా పౌడర్ కోటింగ్‌కి ఇవ్వచ్చు. కుదిరితే ఇంకో 1,500తో మూడూ పూర్తవుతాయి, పుట్టీ, కాగితాలు మళ్లీ కొనక్కర్లేదు కాబట్టి.

సబ్బుతో కడిగి, జిడ్డు పోయేలా థిన్నరుతో తుడవండి. పొక్కిన చోట తెల్లపొడి మొత్తం పోయేదాకా 120 నంబరు కాగితంతో రుద్దండి. ఇక్కడ బద్ధకిస్తే పని మొత్తం వృథా. అటూఇటూ ఉప్పునీటి రొయ్యల చెరువులున్న దారిలో తిరిగే కారు మీది. పై పొర ఎక్కడ చిట్లితే అక్కడినుంచి తేమ లోపలికి పాకుతుంది. కొంచెం పొడి మిగిలినా కొత్త రంగు కిందే మళ్లీ మొదలవుతుంది. గీతల్లో కారు పుట్టీ పలచగా పెట్టండి, గోడల లప్పం పనికిరాదు. ఆరాక 240, 400, 600 వరసలో నునుపు చేయండి. వేలికొసతో తడిమితే అంచు తెలియకూడదు. బయటపడ్డ అల్యూమినియం మీద మామూలు ప్రైమర్ నిలవదు, లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ అని అడిగి కొనండి. జానెడు దూరం నుంచి పలచగా మూడు పూతలు, మధ్యలో పది పదిహేను నిమిషాల విరామం. టైరుకీ రిమ్ముకీ మధ్య పాత పేకముక్కలు వరసగా దోపితే అంచు శుభ్రంగా వస్తుంది. నట్లు కూర్చునే గుంటల్లో, వెనక హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనుకునే చోట రంగు పడకూడదు. అక్కడ రంగు ఉంటే నలిగి, నట్లు వదులవుతాయి.

వేళ కూడా ముఖ్యం. కార్తీకంలో ఒకసారి తెల్లవారుజామునే మా ఇంటి వెనక క్లియర్ కోటు కొట్టాను. పావుగంటలో పాల మీగడలా తెల్లబడింది. స్ప్రే ఆరేటప్పుడు లోహం చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది. మంచు పూర్తిగా విడిచాక, పదిన్నర తర్వాత మొదలుపెట్టి మూడింటికల్లా ముగించండి. గాలి ఆడే నీడలో, మాస్కు కట్టుకుని. హార్డెనర్ కలిపే రకం క్లియర్ ఇంట్లో వద్దు, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఆఖరి చక్రానికి రంగు వేశాక కనీసం వారం ఆగి టైర్ల షాపుకి వెళ్లండి. మెషీనుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్న షాపు చూసుకోండి, లేకపోతే కొత్త రంగు అక్కడే గీరుకుపోతుంది. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్‌కు ఓ 1,200 పోయినా మీ 24,000లోనే సరిపోతుంది. 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి మళ్లీ బిగించుకోవడం మరచిపోకండి.