జార్‌లో తెల్ల పొర, పైపులో వెనిగర్ వాసన: రెండూ వేరే వేరే ప్రాబ్లమ్స్

బ్రో, ఇంట్లో వైన్ పెట్టే గాజు జార్‌లో సబ్బుతో ఎంత రుద్దినా తెల్ల పొర పోవట్లేదన్నారు కదా, అది మురికి కాదు, బోరు నీళ్ల ఉప్పు, మన కూకట్‌పల్లి వైపు గీజర్ విప్పితే కనపడేది కూడా అదే. లీటరు గోరువెచ్చని నీళ్లకి రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి ఓ గంట వదిలేయండి, కరిగిపోద్ది. మరిగే నీళ్లు మాత్రం పొయ్యకండి, మందపాటి గాజు టక్కున పగులుద్ది. బ్లీచ్ జోలికి అసలు పోవద్దు, నిమ్మ ఉప్పుతో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఇక జార్‌లోంచి వైన్ దించే పైపులో వెనిగర్ వాసన వస్తోందన్నారు కదా, దాని సంగతి. వెనిగర్ వాసన అంటే లోపల బ్యాక్టీరియా కాపురం పెట్టినట్టే. లైటుకి అడ్డంపెట్టి చూడండి, లోపల ఊదా రంగు జిగురు చారలా కనపడితే పారేయండి, గీతలు పడ్డ ప్లాస్టిక్‌ని ఎంత కడిగినా వేస్టే, రెండు మీటర్ల ఫుడ్ గ్రేడ్ సిలికాన్ పైపు కోసం పిసినారితనం చేస్తే జార్ మొత్తం వెనిగర్ అవుద్ది.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం (క్రిములని చంపడం) వేరు అండి. ముందు శుభ్రంగా కడిగాకే లీటరు నీళ్లకి 10 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ (వైన్ సామాన్లకి వాడే క్రిమిసంహారక పొడి) కలిపి జార్, పైపు, ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి వదిలి గాలి లోపలికి రానివ్వని మూత) అన్నీ పది నిమిషాలు తడపండి. ఘాటు బాగా ఉంటది, కిటికీ తెరిచి చేయండి, ఇంట్లో ఆస్తమా వాళ్లుంటే బాల్కనీలో పెట్టుకోండి. తర్వాత పైపు చుట్టచుట్టి డబ్బాలో కుక్కకుండా దండెం మీద వేలాడదీయండి, లోపల తడి ఉంటే మళ్లీ అదే వాసన.