టేపు కొనేముందు డ్రైవ్ సంగతి చూడండి

ప్రశ్న: మహబూబ్‌నగర్‌ల మాది పెళ్లి వీడియోల స్టూడియో. 14 టీబీ ఫుటేజీ హార్డ్ డిస్కులల్ల ఉంది. డేటా దాచే అయస్కాంత టేపుకు మారుదామనుకుంటున్నం. సెకండ్ హ్యాండ్ ఎల్‌టీఓ-5 (ఎల్‌టీఓ అనే టేపు రకంల అయిదో తరం) డ్రైవ్ చౌకగా వస్తున్నది. తీసుకోవచ్చా? 6 గానీ 8 గానీ చూడాల్నా?

జవాబు: టేపు మీద కనిపించే పెద్ద అంకెను నమ్మి లెక్క వేయకండి. ఎల్‌టీఓ-6 మీద 6.25 టీబీ అని రాసి ఉంటుంది. డేటాను రెండున్నర రెట్లు కుదించగలిగితేనే అంత పడుతుంది. మీ వీడియోలు కెమెరాలోనే కుదించి వచ్చినవి, ఇక కుదరవు. అసలు సామర్థ్యం ఎల్‌టీఓ-5కు 1.5 టీబీ, 6కు 2.5, 8కి 12. అంటే మీకు వరుసగా 10, 6, 2 టేపులు కావాలి. రెండో కాపీ తప్పనిసరి కనుక వీటిని రెట్టింపు చేసుకోండి.

అసలు చిక్కు రేపు చదవడంలో వస్తుంది. ఎల్‌టీఓ-7 వరకు ప్రతి డ్రైవ్ తనకంటే రెండు తరాల వెనకటి టేపులు చదివేది. 8వ తరం నుంచి ఆ సౌకర్యం తగ్గింది: ఎల్‌టీఓ-8 డ్రైవ్ 7, 8 టేపులనే తీసుకుంటుంది, 6ను చదవదు. 2025లో వచ్చిన ఎల్‌టీఓ-10 అయితే తన టేపు తప్ప మరేదీ ముట్టదు. ఎల్‌టీఓ-5కు టేపులూ ఎక్కువ కావాలి, 7 తర్వాతి డ్రైవ్‌లు దాన్ని చదవనూ చదవవు. అందుకే వద్దంటాం. బడ్జెట్ తక్కువైతే ఎల్‌టీఓ-6 డ్రైవ్ తీసుకోండి. అది పాడైతే ఆ టేపులను ఎల్‌టీఓ-7 డ్రైవ్‌లోనూ చదువుకోవచ్చు. చేయి ఆడితే నేరుగా 8కి వెళ్లండి.

డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలపడానికి ఎస్‌ఏఎస్ కేబుల్, దాన్ని తగిలించే హెచ్‌బీఏ కార్డు కావాలి. రెయిడ్ కార్డుకు (పలు హార్డ్ డిస్కులను కలిపి నడిపేది) తగిలిస్తే చాలాసార్లు డ్రైవ్ కనిపించనే కనిపించదు. ఎల్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ పద్ధతితో ఫార్మాట్ చేస్తే టేపు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. ఎల్‌టీఓ-6 సెకనుకు 160 ఎంబీ రాస్తుంది, నిండు టేపుకు దాదాపు నాలుగున్నర గంటలు. డేటా అంత వేగంగా అందకపోతే కొంతవరకు డ్రైవే నెమ్మదిస్తుంది. మరీ తగ్గితే ఆగి, వెనక్కి చుట్టి, మళ్లీ మొదలుపెడుతుంది. ఈ ముందువెనకలతో టేపూ, దానిపై రాసే హెడ్డూ రెండూ అరుగుతాయి. వేలకొద్దీ చిన్న ఫొటోలు పంపినప్పుడు జరిగేది ఇదే. వాటిని ముందు ఒకే టార్ ఫైలుగా కట్టి, కంప్యూటర్ లోపలి డిస్కు నుంచి రాయండి. రాశాక చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) సరిచూడకుండా హార్డ్ డిస్కు ఖాళీ చేయకండి.

ప్రశ్న: మిర్యాలగూడలోని మా రైస్ మిల్లు పాత లెక్కలు డీడీఎస్-4 (పాత రకం చిన్న డేటా టేపు) క్యాసెట్లలో ఉన్నాయి. డ్రైవ్ లేదు. ఎట్లా చదవాలి?

జవాబు: పాత స్కజీ (అప్పటి కనెక్షన్ రకం) డ్రైవ్ కోసం వెతికితే 68 పిన్నుల కేబుల్, దాని కొసన పెట్టే టర్మినేటర్, దానికి తగ్గ కార్డు అన్నీ కూర్చాలి. డీడీఎస్-4 తర్వాతి తరమైన డాట్ 72 డ్రైవ్ యూఎస్‌బీది దొరికితే పని సులువు. అది డీడీఎస్-4ను చదువుతుంది. క్యాసెట్ పెట్టేముందు వెనక అంచున ఉన్న చిన్న మీటను జరిపి రంధ్రం తెరవండి, అప్పుడు పొరపాటున కూడా దానిపై రాత పడదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో రాశారో కూడా కనుక్కోండి. విండోస్ ఎక్స్‌పీలోని ఎన్‌టీబ్యాకప్ అనే బ్యాకప్ ప్రోగ్రాం రాసిన టేపును ఇప్పటి విండోస్ దానంతట అది తెరవదు.

ప్రశ్న: నల్గొండ ఎండలకు టేపులు ఆగుతాయా?

జవాబు: ఏళ్ల తరబడి దాచడానికి 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలి. రేకుల గది పనికిరాదు. ఎయిర్ కూలర్ పెట్టిన గదీ వద్దు, అది తేమ పెంచుతుంది. బయటి నుంచి తెచ్చిన టేపును డ్రైవ్ ఉన్న గదిలో ఒక రోజు ఉంచి అప్పుడు వాడండి. క్లీనింగ్ టేపును వారం వారం వేయకండి, డ్రైవ్ ముందు ‘సి’ వెలిగినప్పుడే వేయాలి. ఎల్‌టీఓ క్యాసెట్ కింద పడితే పక్కనున్న చిన్న తలుపు జరిపి చూడండి. లోపలి సన్నని ఇనుప పిన్ను రెండు కొసలూ క్లిప్పుల్లో నిటారుగా ఉండాలి. వంకరగా ఉన్నా, జారినా డ్రైవ్‌లో పెట్టొద్దు. పిన్ను పట్టు దొరకక టేపు లోపలే ఇరుక్కుంటుంది.