అసటీగ్ దీవిలో టెంట్ వేసుకుంటే...

ప్రశ్న: మేం వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటాం. మా అత్తగారూ మామగారూ రాజమండ్రి నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. జులైలో అట్లాంటిక్ తీరంలోని అసటీగ్ దీవికి వెళ్లి బీచ్‌లోనే టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉండాలని మావారి పట్టుదల. అక్కడ గుర్రాలు టెంట్ల దాకా వస్తాయని విని నాకు టెన్షన్‌గా ఉంది. నాలుగేళ్ల బాబుతో, పెద్దవాళ్లతో ఇది అయ్యే పనేనా? వంట చేసుకోనిస్తారా?

జవాబు: వెళ్లండి, కానీ జులైలో మాత్రం వద్దు. వేసవిలో అక్కడ దోమలు, జోరీగలు కలిసి మనల్ని పీక్కుతింటాయి, సముద్రం మీంచి గాలి వీస్తున్నంతసేపూ పర్వాలేదు గానీ అది పడమటి నుంచి వీచడం మొదలెట్టిందా, ఎంత మందు పూసుకున్నా కారెక్కి కూర్చోవడమే. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో అయితే హాయిగా ఉంటుంది. సైట్లు ఆరు నెలల ముందే రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైట్లో తెరుస్తారు, వారాంతాలు చకచకా అయిపోతాయి, కాబట్టి ఎవరైనా వదులుకున్నవి దొరుకుతాయేమో రోజూ చూస్తుండండి.

మీరుండేది వర్జీనియా కదా అని దీవి దక్షిణ భాగానికి దారితీసే చింకొటీగ్ ఊరి వైపు వెళ్లేరు సుమా. దీవి పొడవు 37 మైళ్లు, దక్షిణాన వర్జీనియా భాగం వన్యప్రాణుల ఆశ్రయం, అక్కడ రాత్రి ఉండనివ్వరు. టెంట్లు వేసుకునేది మేరీలాండ్ వైపు. రెండింటినీ కలుపుతూ దీవి మీద రోడ్డు లేదు, పొరపాటున అటు వెళితే బయటి నుంచి చుట్టూ తిరిగి రావడానికి గంట పైనే పడుతుంది.

‘బీచ్‌లోనే’ అంటే అలల పక్కన కాదు. ఇసుక దిబ్బల వెనక కేటాయించిన సైట్లుంటాయి. మీరు సముద్రం వైపు, కారు పక్కనే నిలుపుకునే సైట్ తీసుకోండి, లేదంటే సామానంతా ఇసుకలో మోయాలి, ఆ పని చివరికి ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. మరుగుదొడ్లకు ఫ్లష్ ఉండదు, షవర్లో చన్నీళ్లే. అత్తగారికి అది కష్టమనుకుంటే ఆ పక్కనే మేరీలాండ్ రాష్ట్రానికి చెందిన పార్కు ఉంది, బుకింగ్ వేరు, అక్కడ వేణ్నీళ్లు వస్తాయి. నన్నడిగితే అదే చేయండి.

ఇక గుర్రాలు. అవి పెంపుడువి కావు, కరుస్తాయి, తంతాయి. 40 అడుగుల దూరం పాటించాలి, అంటే ఒక బస్సు పొడవు. బాబు చేయి వదలకండి. వంట చేసుకోవచ్చు, చిన్న గ్యాస్ స్టవ్ చాలు, కానీ తినగానే అంతా కార్లో పెట్టి తాళం వేయండి. మేం ఒకసారి పులిహోర డబ్బా బల్ల మీద వదిలి నీళ్లు తేవడానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఒక ఎర్ర గుర్రం మూత ఊడగొట్టి, డబ్బాలో ముక్కు పెట్టి తీరిగ్గా నములుతోంది, మూతి చుట్టూ పసుపు! అప్పుడు నవ్వుకున్నాం గానీ నవ్వాల్సిన విషయం కాదు. మనుషుల తిండి మరిగిన గుర్రాలు రోడ్డు మీదికొచ్చి కార్ల కింద పడతాయి.

మామగారికి మాత్రం తెగ నచ్చుతుంది. కాకినాడలోలాగే పొద్దున సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. ఇసుక దిబ్బల మధ్య నడక దారిలో పాత తారు రోడ్డు ముక్కలు చూపించండి. అక్కడ ఊరు కట్టేద్దామని ప్లాట్లు అమ్మారు, రోడ్డు వేశారు, 1962 మార్చి తుఫాను వచ్చి అంతా ఊడ్చేసింది. ఆ తర్వాతే 1965లో దాన్ని జాతీయ సముద్ర తీరంగా ప్రకటించారు. ఇది చెప్పారంటే ఆయన 1996 కోనసీమ తుఫాను కథ ఎత్తుకుంటారు, ఆ సాయంత్రానికి కాలక్షేపం అదే.

ప్రశ్న: పోయినసారి రాత్రి గాలికి మా టెంట్ లేచిపోయింది. ఇసుకలో మేకులు ఎలా నిలబెట్టాలి? మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవచ్చా?

జవాబు: టెంట్‌తో వచ్చే సన్న మేకులు ఇసుకలో పనికిరావు, నాకూ అర్ధరాత్రి ఇదే అనుభవం. ఇసుక కోసమే అమ్మే పొడవాటి, వెడల్పాటి మేకులు కొనండి. అప్పటికప్పుడు కావాలంటే సంచీల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి పాతిపెట్టండి.

పొత్తులు భేషుగ్గా కాల్చుకోండి, సైట్‌లో నిప్పు కోసం ఇనప చట్రం ఉంటుంది. అయిపోయాక బొగ్గుల మీద ఇసుక మాత్రం కప్పకండి. పైకి చల్లగా కనిపిస్తూ లోపల గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి, తెల్లారి చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లల అరికాళ్లు కాలిపోతాయి. బకెట్‌తో నీళ్లు తెచ్చి, చుయ్యిమనే చప్పుడు ఆగేదాకా పోయండి.