పక్కింటి హెడ్మాస్టరు గారి పెన్షన్ మీ అమ్మాయికి రాదు

ప్రశ్న: నేను నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో 28 ఏళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. వయసు 55. మా అమ్మాయి 2024లో బీటెక్ (ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్లు) పూర్తిచేసి, హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో నెలకు 28 వేల జీతానికి చేస్తోంది. ఆ ఉద్యోగం మాన్పించి గ్రూప్-2 కోచింగులో చేర్పించాలని నా ఆలోచన. మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పెన్షన్‌తో నిశ్చింతగా ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగానికి ఉండే ప్రయోజనాలనూ ప్రైవేటు ఉద్యోగానికి ఉండేవాటినీ పోల్చి చెప్పగలరు. ఐదు లక్షలిస్తే ఏదైనా ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం వేయిస్తానని ఒకాయన అంటున్నాడు. దాని గురించి కూడా చెప్పండి.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి నెలా వస్తాయి. ఊరు పేరు మారుతుంది, పక్కింటివారు ఒకచోట హెడ్మాస్టరు, మరోచోట డిప్యూటీ తహసీల్దారు అవుతారు, అడిగే మాట మాత్రం ఒక్కటే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైనదేమిటంటే, 28 ఏళ్లు ఒకే మిల్లులో లెక్కలు రాసిన మనిషికి మరో మూడేళ్లలో పని ఆగిపోతే చేతికి ఏం వస్తుందోనన్న దిగులు పట్టుకుంది. ఆ దిగులు న్యాయమైనదే. దాని సంగతి చివర చెబుతాను. ముందు మీరు అడిగిన పోలిక చూద్దాం.

మీ పక్కింటాయన అందుకుంటున్నది పాత పెన్షన్. చివరి మూలవేతనంలో సగం, దాని మీద ఎప్పటికప్పుడు పెరిగే కరువు భృతి, ఆయన తరువాత భార్యకు కుటుంబ పెన్షన్. ఉద్యోగంలో ఉన్నంతకాలం దీనికోసం ఆయన జీతం నుంచి ఒక్క రూపాయి కూడా కోత పడలేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో కొత్తగా చేరినవారికి ఆ తలుపు మూసుకుపోయింది. వారిది సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం. మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో పది శాతం జీతం నుంచి కోస్తారు, ప్రభుత్వం మరో పది శాతం వేస్తుంది, ఆ సొమ్మంతా మార్కెట్లో పెట్టుబడిగా తిరుగుతుంది. పదవీ విరమణ నాడు అరవై శాతం వరకు చేతికి తీసుకోవచ్చు. కనీసం నలభై శాతంతో ఒక బీమా సంస్థ వద్ద యాన్యుటీ, అంటే నెలనెలా డబ్బిచ్చే పాలసీ, కొనాలి, నెలనెలా వచ్చేది దాని మీదే. ఆ యాన్యుటీకి కరువు భృతి ఉండదు. 2023లో శాసనసభ గ్యారంటీడ్ పెన్షన్ చట్టం చేసినా, ఉద్యోగ సంఘాలు పాత పెన్షన్ తప్ప మరొకటి వద్దంటూనే ఉన్నాయి. ప్రకటన 2003లో వెలువడి, నియామకం ఆలస్యమై కొత్త విధానంలో పడిపోయిన డీఎస్సీ-2003 ఉపాధ్యాయులు తమకు పాత పెన్షన్ కావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఒక తేదీకి అటూ ఇటూ అయినందుకు జీవితాలు అంత తేడాగా మారాయి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల లెక్క కొంత వేరు. 2025 ఏప్రిల్ 1 నుంచి వారికి ఏకీకృత పెన్షన్ పథకం అందుబాటులోకి వచ్చింది. 25 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం, పదేళ్లు నిండితే కనీసం నెలకు పదివేలు హామీ ఇస్తున్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పెన్షన్‌ను పక్కన పెట్టి చూసినా ప్రభుత్వ ఉద్యోగంలో మిగిలేది తక్కువేమీ కాదు. నా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది రాజ్యాంగంలోని 311వ అధికరణం. సాధారణంగా విచారణ జరపకుండా, ఉద్యోగి చెప్పుకొనేది వినకుండా ఆ ఉద్యోగిని తొలగించడానికి వీల్లేదు. సోమవారం పొద్దున మెయిల్ పంపి మధ్యాహ్నానికి లాప్‌టాప్ అప్పగించమనే అలవాటు అక్కడ చెల్లదు. తరువాతివి సెలవులు. ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవులు, అంటే ఉద్యోగుల మాటల్లో ఈఎల్స్, వాడకుండా దాచుకుంటే పదవీ విరమణ నాడు 300 రోజుల వరకు జీతంగా మారతాయి. ప్రసూతి సెలవు 180 రోజులు. ఇక్కడ మీకు తెలియనిది ఒకటుంది: 2017 సవరణ తరువాత చట్టం వర్తించే ప్రైవేటు సంస్థలు కూడా 26 వారాలు ఇవ్వాల్సిందే, కాబట్టి కాగితం మీద రెండూ ఇంచుమించు సమానమే. అయితే సెలవు ముగించుకొని వచ్చిన తల్లికి ప్రైవేటులో పాత సీటు, పాత టీము దొరకకపోవడం నేను చాలాసార్లు విన్నాను. ప్రభుత్వంలో ఉద్యోగం ఎక్కడికీ పోదు, దాని మీద పిల్లల సంరక్షణ సెలవు కూడా రాష్ట్ర మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 180 రోజులు ఉంది. ఆడపిల్ల తండ్రిగా మీరు ఈ లెక్క వేసుకోవడంలో తప్పేమీ లేదు.

వైద్యానికి ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటుంది, ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది, పదవీ విరమణ తరువాతా కొనసాగుతుంది. కంపెనీ ఇచ్చే బీమా కంపెనీ వదిలిన రోజుతో ఆగిపోతుంది. కాకపోతే ప్రభుత్వ బకాయిలు పేరుకున్నప్పుడు కార్డు చూపినా చేర్చుకోవడానికి వెనకాడే ఆస్పత్రులున్నాయని, డీఏ బకాయిలు, సరెండర్ సెలవుల (వాడకుండా వదులుకున్న సెలవుల) డబ్బు నెలల తరబడి ఆగుతాయని మీ హెడ్మాస్టరు గారినే అడగండి, ఆయనే చెబుతారు.

ఇక నాకు అసలు భయం కలిగించే విషయానికి వస్తాను. ఉన్న ఉద్యోగం మానేసి రెండు మూడేళ్లు పూర్తిగా కోచింగులో కూర్చోవడం ఇప్పుడు ఇంటింటి రివాజైంది. గ్రూప్స్ అంటే హైదరాబాదు అశోక్‌నగర్, బ్యాంకు పరీక్షలంటే నంద్యాల, డీఎస్సీ అంటే అవనిగడ్డ. అక్కడి స్టడీ హాళ్లలో పొద్దున ఆరుకు సీటు పట్టుకొని రాత్రి పదికి లేచే పిల్లల్లో తెలివి తక్కువవారెవరూ నాకు కనిపించలేదు. ఉన్న ఖాళీలు కొన్నే, అదీ ఎప్పుడు వస్తాయో తెలియని ఖాళీలు. మీరు చెబుతున్న గ్రూప్-2నే చూడండి. 2023 డిసెంబరులో 897 పోస్టులకు ప్రకటన వచ్చింది. ప్రిలిమ్స్ రాసినవారు నాలుగు లక్షలకు పైనే. మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగింది, అంటే ప్రకటన నుంచి మెయిన్స్ రాయడానికే 14 నెలలు. తెలంగాణ గ్రూప్-1 కథ ఇంకా బాధాకరం. 2022లో 503 పోస్టులకు ప్రకటన ఇచ్చి, ఆ ఏడాది అక్టోబరులో పెట్టిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకవడంతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ పెట్టినది హైకోర్టులో రద్దయింది, చివరికి 2024లో 563 పోస్టులతో కొత్త ప్రకటనే ఇవ్వాల్సివచ్చింది. ఉద్యోగాలు మానేసి చదివినవారు ఆ రెండేళ్లు ఎవరిని అడగాలి? 27 ఏళ్ల వయసులో, చేతిలో మూడేళ్ల ఖాళీ ఉన్న రెజ్యూమేతో నా ఎదురుగా కూర్చొని, తండ్రి ఫోను ఎత్తడానికి భయపడే అమ్మాయిలను నేను చూశాను. కోచింగు సంస్థల పోస్టర్లలో ర్యాంకు వచ్చిన ముఖాలే ఉంటాయి, ఈ పిల్లల ముఖాలు ఏ గోడ మీదా ఉండవు.

జీతం లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు, మీరు లెక్కలు రాసేవారే. నెలకు 28 వేలు చొప్పున మూడేళ్లకు పది లక్షలు దాటుతుంది. హాస్టలు, భోజనం, ఫీజు దాని మీద అదనం. ఉద్యోగం వచ్చినా మొదటి రోజునుంచే పూర్తి జీతం వస్తుందని అనుకోకండి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరిన లక్షకు పైగా యువతకు రెండేళ్లపాటు నెలకు 15 వేలే అన్నారు. ప్రొబేషన్ ఖరారై పూర్తి స్కేలు చేతికి రావడానికి 2022 సగం గడిచింది.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ఇంత పెద్ద ఉత్తరంలో మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. ఆమెకు ఆ కంపెనీలో చేసే పని నచ్చిందా, గ్రూప్-2 చదవాలని ఆమెకు ఉందా, అసలు మీరు ఆమెను అడిగారా? బీటెక్ చదివించి, ఒంటరిగా హైదరాబాదు పంపించి, సొంత జీతం సంపాదించుకోనిచ్చిన తండ్రి, ఆ ఉద్యోగం మాన్పించే నిర్ణయం మాత్రం పక్కింటి అరుగు మీద కూర్చొని తీసుకోవడం సరికాదు. మీ భద్రత కోసం ఆమె వయసును తాకట్టు పెడుతున్నారని మీకు అనిపించకపోవచ్చు, ఆమెకు అనిపిస్తుంది.

ఔట్‌సోర్సింగ్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: ఆ ఐదు లక్షలు ఇవ్వకండి. పైన చెప్పిన పెన్షన్, ఈఎల్స్, 311వ అధికరణం ఇచ్చే రక్షణ, వీటిలో ఏదీ ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి ఉండదు. కాంట్రాక్టు పొడిగింపు కోసం ఏటా ఎదురుచూడటమే ఉంటుంది. నియామకానికి లంచం ఇచ్చినట్టు తేలితే ఆమె మీద కేసు పడే ప్రమాదం కూడా ఉంది.

ఆమెకు నిజంగా ఇష్టమైతే ఉద్యోగం చేస్తూనే చదవమనండి. రోజూ పొద్దున రెండు గంటలు, శని ఆదివారాలు పూర్తిగా. రాజీనామా మాట ప్రిలిమ్స్ గట్టెక్కాక, మెయిన్స్ తేదీ ఖరారయ్యాక ఆలోచించవచ్చు. గ్రూప్-2 ఒక్కదాన్నే పట్టుకొని కూర్చోవద్దు. ఈసీఈ చదివిన అమ్మాయికి రైల్వేలో సిగ్నల్, టెలికం విభాగపు జూనియర్ ఇంజనీరు పోస్టులు సరిగ్గా సరిపోతాయి. వాటి తొలి మూలవేతనం 35,400. రైల్వే ఆస్పత్రులు, ప్రయాణ పాసులు, నేను గుర్తుంచుకోమన్న కేంద్ర పెన్షన్ హామీ కూడా అక్కడే దొరుకుతాయి. నాలుగేళ్లు చదివిన చదువు అక్కరకొచ్చే దారి ఉండగా, దాన్ని వదిలేసి చరిత్ర, పాలిటీ మొదటినుంచి మొదలుపెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. ఆమెకు ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయండి. 23 ఏళ్లకు 28 వేల జీతం చిన్న ఆరంభమేమీ కాదు. ఆమె దారి తప్పలేదు, మీరూ తండ్రిగా ఓడిపోలేదు.

చివరగా మీ సంగతి. మిల్లులో మీకు పీఎఫ్ కోస్తుంటే దానికి అనుబంధంగా ఉన్న ఈపీఎస్-95 అనే పెన్షన్ పథకం కింద 58 ఏళ్లకు మీకు పెన్షన్ మొదలవుతుంది, మీ తరువాత మీ భార్యకు అందుతుంది. మొత్తం పెద్దదేమీ కాదు. 15 వేల వేతన పరిమితిమీద 35 ఏళ్లు పూర్తి సర్వీసు ఉన్నా 7,500 దాటదు, కనీసం వెయ్యి. కానీ పాస్‌బుక్కులో చేరిన తేదీ, పుట్టిన తేదీ, ఆధార్‌లోని పేరు సరిపోలక ఆ కాస్త పెన్షనూ నెలల తరబడి నిలిచిపోయినవారు ఎందరో. మీకు ఇంకా మూడేళ్లుంది. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చిన) నంబరు, ఆధార్, మిల్లులో చేరిన నాటి కాగితాలు తీసుకొని వచ్చే వారమే గుంటూరు పీఎఫ్ కార్యాలయానికి వెళ్లి సర్వీసు వివరాలన్నీ సరిచూసుకోండి. తప్పులుంటే యజమాని సంతకం కావాల్సివస్తుంది కాబట్టి, మీరు మిల్లులో పనిచేస్తున్నప్పుడే ఆ పని ముగించండి.